నది కట్టిన నేల, కడలి కోస్తున్న నేల
గోదావరి సంగమ ప్రాంతంలో భూతల మార్పులు, ఉప్పెనలు, మడ అడవులు

నేల కదలదని మనందరి నమ్మకం. పొలం గట్టు, సర్వే రాయి, పట్టా కాగితం అన్నీ ఆ నమ్మకం మీదనే ఆధారపడి ఉన్నవి. కాని గోదావరి సముద్రంలో కలిసే చోట నివసించే కుటుంబాలకు ఆ నమ్మకం పూర్తిగా చెల్లదు. తాతగారి కాలంలో కొబ్బరితోట ఉన్న చోట నేడు అలలు కొట్టుకొనుట, నీరు మాత్రమే ఉన్న చోట ఇసుక దిబ్బ లేచి దాని మీద చెట్లు మొలచుట ఈ ప్రాంతంలో వింత కాదు.

యానాం పట్టణం పుదుచ్చేరి ప్రభుత్వ ఏలుబడిలో ఉన్నది. దాని చుట్టూ ఉన్న పల్లెలు ఆంధ్రప్రదేశ్‌వి. పరిపాలనకు సరిహద్దు ఉన్నదిగాని, ఆ రెండింటి నేలనూ తెచ్చి పోసినది ఒకే నది. అంతేకాదు, మహారాష్ట్ర, కర్ణాటక, ఒడిశా రాష్ట్రాలలో తరతరాలుగా స్థిరపడిన మన తెలుగు కుటుంబాలలో చాలామంది ఉంటున్నది కూడా ఈ నదీ పరీవాహక ప్రాంతంలోనే. ఎగువన జరిగినది దిగువన ఎట్లు కనబడుతుందో తెలిసికొనుట అందరికీ అవసరమే.

శాస్త్రజ్ఞులు ఈ విషయాన్ని మూడు శాఖలుగా పరిశీలిస్తారు. భూతలంలో వచ్చే మార్పులు ఒకటి, ప్రకృతి వైపరీత్యాలు రెండవది, అడవులూ జలచరాలూ కలిసిన జీవావరణం మూడవది. గోదావరి డెల్టాలో ఈ మూడూ వేరువేరు సంగతులు కావు. ఒండ్రు తగ్గితే నేల తగ్గుతుంది, నేల తగ్గితే ఉప్పెన లోపలికి వస్తుంది, మడ అడవి పోతే ఆ రెండూ మరింత వేగంగా జరుగుతవి. ఈ వ్యాసంలో చెప్పదలచినది ఇదే.

డెల్టా ఎట్లు ఏర్పడినది

గోదావరి మహారాష్ట్రలో నాసిక్ దగ్గరి త్ర్యంబకేశ్వరం వద్ద పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతంలో కలుస్తుంది. దాని పరీవాహక ప్రాంతం సుమారు 3.12 లక్షల చదరపు కిలోమీటర్లు. అందులో దాదాపు సగం మహారాష్ట్రలోనే ఉన్నది. బీడ్, లాతూరు, బీదరు జిల్లాల మీదుగా వచ్చే మంజీర, కాళాహండి కొండలలో పుట్టే ఇంద్రావతి, కోరాపుట్ నుండి కొలాబ్ అనే పేరుతో బయలుదేరి కూనవరం వద్ద కలిసే శబరి, కాళేశ్వరం వద్ద చేరే ప్రాణహిత మొదలైనవి దీని ఉపనదులు.

ఈ నదులన్నీ నీటితోబాటు మట్టిని మోసికొని వస్తవి. దక్కను పీఠభూమి నల్లరేగడి, తూర్పు కనుమల ఎర్రమట్టి, రాళ్ళు అరిగిన ఇసుక వరదకాలంలో కలిసి దిగువకు చేరుతవి. ధవళేశ్వరం దాటిన తరువాత నది గౌతమి, వశిష్ఠ అనే పెద్ద పాయలుగా చీలుతుంది. అక్కడినుండి వాలు బాగా తక్కువ. వాలు తగ్గితే వేగం తగ్గుతుంది, వేగం తగ్గితే మోసే శక్తి తగ్గుతుంది. బరువైన ఇసుక ముందుగాను, మెత్తని ఒండ్రు తరువాతను అడుగుకు దిగుతవి. ఇట్లు వేల సంవత్సరాలు పేరుకొన్న మట్టియే నేటి డెల్టా.

సుమారు 6,000 సంవత్సరాల క్రితం సముద్రతీరం ఇప్పటికంటే చాలా లోపలగా ఉండేది. అప్పటినుండి తీరం ముందుకు జరుగుతూ వచ్చిన గుర్తులు కోనసీమలో నేటికీ కనబడుతవి. తీరానికి సమాంతరంగా వరుసలు వరుసలుగా ఉండే ఇసుక మెరకలు ఒకప్పటి సముద్రపు ఒడ్డులు. వాటి మధ్య పల్లాలలో వరి పండుతుంది, మెరకల మీద కొబ్బరితోటలూ, ఊళ్ళూ ఉంటవి. పెద్దలు మెరక చూచి ఇల్లు కట్టుకొన్నారు. భూగర్భ శాస్త్రం చదువకపోయినా వారు నేలను చక్కగా చదివినారు.

మా తరగతిలో ఏటా ఒక చిన్న ప్రయోగం చేయిస్తాను. ఒక పెద్ద పళ్ళెం ఒక వైపు కొద్దిగా ఎత్తి, పల్లపు వైపున నీరు నిలుపుతాము. ఎత్తు వైపునుండి మట్టి కలిపిన నీటిని సన్నగా పోస్తే, నిలువ నీటి అంచున విసనకర్ర ఆకారంలో మట్టి పేరుకొంటుంది. పిల్లలు అది చూచి డెల్టా అంటారు. ఆ తరువాత మట్టి కలపని నీటిని పోయమంటాను, పళ్ళేన్ని మెల్లగా ఊపమంటాను. కొద్దిసేపటికే విసనకర్ర అంచులు కరుగుతవి. ఒక సంవత్సరం ఒక పిల్లవాడు, "మాస్టారూ, మట్టి పోయడం ఆపితే కట్టినది కూడా పోతోందండీ" అన్నాడు. ఈ వ్యాసంలోని సగం సంగతి ఆ ఒక్క మాటలో ఉన్నది.

ఒండ్రు ఎక్కడ ఆగినది

డెల్టా నేల తనంతట తాను కొద్దికొద్దిగా దిగుతూనే ఉంటుంది. మెత్తని ఒండ్రు తన బరువుకు తానే అణగుట అందుకు కారణం. ఏటేటా వరద తెచ్చే క్రొత్త పొర ఆ లోటు తీరుస్తుంది. నది తెచ్చే మట్టికీ, సముద్రం తీసికొనిపోయే మట్టికీ మధ్య ఒక జమాఖర్చు నడుస్తుంటుంది. గత అరవై డెబ్బది సంవత్సరాలలో ఆ ఖాతాలో జమ బాగా తగ్గినది.

సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం వద్ద ఆనకట్ట కట్టించిన కాలం 1847–1852. అది కరువు ప్రాంతాన్ని అన్నపూర్ణగా మార్చినది. దాని మేలు నేటికీ మనం అనుభవిస్తున్నాము. మంజీర మీద నిజాంసాగరం 1931లో పూర్తయినది. స్వాతంత్ర్యం తరువాత పైఠణ్ వద్ద జాయక్‌వాడి, శ్రీరాంసాగర్, సింగూరు, ఒడిశాలో ఎగువ కొలాబ్, ఎగువ ఇంద్రావతి వంటి జలాశయాలు ఏర్పడినవి. ఇవన్నీ సాగునీటికి, త్రాగునీటికి, విద్యుత్తుకు అవసరమై కట్టినవే. అయితే జలాశయంలో నీరు నిలిచినప్పుడు మట్టి కూడా నిలుస్తుంది. నీటిని తూము ద్వారా వదలవచ్చును గాని, అడుగున పేరుకొన్న మట్టిని వదలుట సులభం కాదు.

ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కాకాని నాగేశ్వరరావుగారూ, వారి సహ పరిశోధకులూ 2010లో ప్రకటించిన పరిశోధనలో ఈ లెక్కలు ఇచ్చినారు. 1970–79 కాలంలో గోదావరి నీటిలో తేలివచ్చే ఒండ్రు సంవత్సరానికి సగటున 15.02 కోట్ల టన్నులు. 2000–06 నాటికి అది 5.72 కోట్ల టన్నులకు పడిపోయినది. గోదావరి నీటి పరిమాణంలో మాత్రం అంత పెద్ద తగ్గుదల లేదు. అనగా వచ్చే నీరు రమారమి అంతే, అందులోని మట్టి మూడవ వంతుకు దగ్గరగా వచ్చినది. ప్రక్కనే ఉన్న కృష్ణానది స్థితి ఇంకను దయనీయం. 1966–69లో 90 లక్షల టన్నులుగా ఉన్న ఒండ్రు 2000–05 నాటికి 4 లక్షల టన్నులైనది. ఆనకట్టలకు ఎగువన కొలిచిన మట్టికంటే దిగువన కొలిచినది ప్రతిచోటా తక్కువగా ఉండుట వలన, మట్టి ఆగుతున్నది జలాశయాలలోనేనని వారు తేల్చినారు.

తీరం వెనుకకు జరుగుట

అదే పరిశోధనలో 1965 నుండి 2008 వరకు పటాలనూ, ఉపగ్రహ చిత్రాలనూ సరిపోల్చి, కృష్ణా–గోదావరి డెల్టాల 336 కిలోమీటర్ల తీరాన్ని కొలిచినారు. కొన్నిచోట్ల నేల పెరిగినది, కొన్నిచోట్ల తరిగినది. రెండూ లెక్కవేయగా తేలిన నికర నష్టం 76 చదరపు కిలోమీటర్లు. మన లెక్కలో చెప్పుకొంటే దాదాపు 18,800 ఎకరాలు. యానాం మొత్తం విస్తీర్ణం సుమారు 30 చదరపు కిలోమీటర్లని తలచుకొంటే ఆ నష్టం ఎంతో అర్థమవుతుంది. కోత వేగం కూడా గమనించదగినది. 1965–90 మధ్య సంవత్సరానికి 1.39 చదరపు కిలోమీటర్లు పోగా, 1990–2000 మధ్య అది 2.32కు పెరిగినది. 2000–08లో 2.25 వద్ద నిలిచినది.

కాకినాడకు ఉత్తరాన ఉన్న ఉప్పాడ ఈ కోతకు అందరికీ తెలిసిన ఉదాహరణ. జాంధానీ చీరల నేతకు పేరుపొందిన ఆ ఊరిలో ఇండ్లూ, వీధులూ సముద్రంలో కలిసినవి. కాకినాడ–ఉప్పాడ తీరపు రహదారి తుఫాను వచ్చినప్పుడల్లా దెబ్బతింటూ వచ్చినది. 2010 ప్రాంతంలో ఇసుక నింపిన పెద్ద పెద్ద సంచి గొట్టాలతో గోడ కట్టినారు. అలలు దానినీ దెబ్బతీసినవి.

ఉప్పాడకు దక్షిణాన దీనికి విరుద్ధమైన దృశ్యం ఉన్నది. గోదావరి ఇసుకను అలలు ఉత్తరంగా నెట్టుకొనిపోగా కాకినాడ అఖాతం ముందు పొడవైన ఇసుక తిన్నె ఒకటి పెరిగినది. అదే హోప్ దీవి. గత రెండు శతాబ్దాలలో పదహారు కిలోమీటర్లకు పైగా పెరిగిన ఆ తిన్నె కాకినాడ రేవుకు సహజమైన అడ్డుగోడగా నిలిచినది. ఆలివ్ రిడ్లే తాబేళ్ళు ఆ ఇసుకలో గ్రుడ్లు పెడతవి. మన తూర్పుతీరం వెంబడి సంవత్సరంలో ఎక్కువ కాలం ఇసుక దక్షిణం నుండి ఉత్తరానికి కదులుతుంది. దారిలో దానికి ఎక్కడ అడ్డు తగిలితే అక్కడ దక్షిణ ప్రక్కన ఇసుక చేరుతుంది, ఉత్తర ప్రక్కన కోత పడుతుంది. కనుక ఒకచోట గోడ కట్టేటప్పుడు దానికి ఉత్తరాన ఉన్న ఊరిని కూడా తలచుకొనవలెను.

నేల కుంగుట, సముద్రం పెరుగుట

తీరపు కోత కంటికి కనబడుతుంది. నేల కుంగుట కనబడదు. సంవత్సరానికి కొన్ని మిల్లీమీటర్లు దిగినా ఇంటివారికి తెలియదు. ఇరవై ముప్పది సంవత్సరాల తరువాత, ఇదివరకు నీరు పోయిన కాలువలో నీరు పోకుండుట, అమావాస్య పోటుకు ఉప్పునీరు చేనులోకి ఎక్కుట, బావినీరు ఉప్పగా మారుట వంటి లక్షణాలు కనబడుతవి. ఇవి కనబడిన ప్రతిచోటా నేల కుంగినదని చెప్పలేము. కాలువ పూడిక, రొయ్యల చెరువుల ఉప్పునీరు, భూగర్భజలాన్ని అతిగా తోడుట కూడా అందుకు కారణాలు కావచ్చును.

2009లో ఒక అంతర్జాతీయ శాస్త్రజ్ఞుల బృందం ప్రపంచంలోని 33 ప్రధాన డెల్టాలను పరిశీలించి, వాటిలో 24 కుంగుతున్నవని ప్రకటించినది. వారు పరిశీలించిన వాటిలో కృష్ణా, గోదావరి డెల్టాలు కూడా ఉన్నవి. ఒండ్రు రాక తగ్గుట, భూగర్భంనుండి నీటిని, నూనెను, వాయువును వెలికితీయుట, వరద గట్ల వలన ఒండ్రు పొలాలమీదకు రాకుండుట ఇందుకు కారణాలుగా వారు పేర్కొన్నారు. మన డెల్టాలో చమురు, సహజవాయువుల వెలికితీత వలన నేల కుంగుతున్నదా అన్న చర్చ చాలాకాలంగా నడుస్తున్నది. ఆ ప్రశ్నకు ఉద్రేకంతో గాక కొలతలతోనే సమాధానం దొరకవలెను.

మరొకవైపు సముద్రమట్టం కూడా పెరుగుతున్నది. 1993 నుండి ఉపగ్రహాలు కొలుస్తున్న లెక్కల ప్రకారం ప్రపంచ సగటు సముద్రమట్టం ముప్పది సంవత్సరాలలో సుమారు 10 సెంటీమీటర్లు పెరిగినది. నేల దిగుట, నీరు లేచుట రెండూ కలిసినచోట నష్టం రెండింటి మొత్తం. పల్లపు నేలలో పది సెంటీమీటర్ల తేడా చిన్నది కాదు. వాలు అతి తక్కువగా ఉన్నచోట ఆ కాస్త పెరుగుదలకే పోటునీరు ఎంతో లోపలికి నడచివస్తుంది.

ఉప్పెన చరిత్ర

యానాంకు సమీపంలోని కోరంగి ఒకప్పుడు ఓడల నిర్మాణానికీ, మరమ్మతులకూ పేరుపొందిన రేవు. 1789 డిసెంబరులో మూడు పెద్ద అలలుగా వచ్చిన ఉప్పెన ఆ పట్టణాన్ని ముంచినది. 1839 నవంబరు 25న వచ్చిన తుఫాను ఉప్పెన దానిని దాదాపు తుడిచిపెట్టినది. ఆ తరువాత కోరంగి పూర్వవైభవం పొందలేదు. బంగాళాఖాతపు తుఫానులను ఆ కాలంలో కలకత్తాలో అధ్యయనం చేసిన హెన్రీ పిడింగ్‌టన్, పాము చుట్ట అని అర్థం వచ్చే గ్రీకు మాటనుండి సైక్లోన్ అనే పేరును కల్పించినాడు. నేడు ప్రపంచమంతా వాడుతున్న ఆ పేరు మన తీరపు దుఃఖంతో ముడిపడి పుట్టినదే.

1977 నవంబరు 19న కృష్ణా డెల్టాలోని దివిసీమను ముంచిన ఉప్పెనలో సుమారు పదివేలమంది ప్రాణాలు కోల్పోయినారు. 1996 నవంబరు 6న కోనసీమ తీరాన్ని దాటిన తుఫానులో వెయ్యిమందికి పైగా చనిపోయినారు. లక్షల కొబ్బరిచెట్లు నేలకూలినవి. యానాం, దాని చుట్టుప్రక్కల పల్లెలు ఆ రాత్రిని నేటికీ మరువలేదు. సముద్రపు ఉప్పెనతోబాటు నది వరద కూడా ఈ ప్రాంతానికి గండమే. 1986 ఆగస్టులో భద్రాచలం వద్ద గోదావరి 75.6 అడుగులకు చేరినది. ఆ వరద యానాంను ముంచివేసినది. 2022 జూలైలో భద్రాచలం వద్ద 71.3 అడుగులు నమోదైనప్పుడు లంక గ్రామాలు మళ్ళీ నీటిపాలైనవి.

ఉప్పెన ఎట్లు వస్తుంది? తుఫాను గాలి సముద్రపు నీటిని తీరంవైపు నెడుతుంది. తీరం దగ్గర లోతు తక్కువ కనుక ఆ నీరు క్రిందికి పోవుటకు వీలులేక పైకి లేచి భూమిమీదకు వస్తుంది. మన తీరంలో తుఫాను పశ్చిమంగా కదిలి భూమిని తాకినప్పుడు, కేంద్రం దాటే చోటుకు ఉత్తరపు వైపున గాలి సముద్రంనుండి భూమికి వీస్తుంది. అందువలన ఉప్పెన బెడద ఆ వైపున ఎక్కువ. "తుఫాను మన ఊరికి దక్షిణాన దాటుతుందట" అని విని నిశ్చింతగా ఉండుట ప్రమాదకరం. పోటు సమయంలో తీరం దాటితే నీరు మరింత ఎత్తుకు లేస్తుంది.

మడ అడవి చేసే పని

కోరంగి మడ అడవులను 1978లో అభయారణ్యంగా ప్రకటించినారు. దాని విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. తెల్లమడ, నల్లమడ, తిల్ల, ఉప్పుపొన్న, కలింగ మొదలైన చెట్లు అక్కడ పెరుగుతవి. నీటికుక్కలు, చేపలు పట్టి తినే నీటిపిల్లులు, వలసపక్షులు అక్కడ నివసిస్తవి. రొయ్యపిల్లలు, పండుగప్ప, మండపీత వంటివి పెరిగేది ఆ వేళ్ళ సందులలోనే. అడవిలో వేళ్ళు తగ్గితే సముద్రంలో వలకు చేప తగ్గుతుందని మత్స్యకారులకు ఒకరు చెప్పనక్కరలేదు.

మడచెట్ల వేళ్ళు బురదలోనుండి పైకి పొడుచుకొని వచ్చి గాలి పీల్చుకొంటవి. ఆ వేళ్ళ మధ్య పోటునీరు నెమ్మదిస్తుంది. నెమ్మదించిన నీరు ఒండ్రును వదలుతుంది. కాబట్టి మడ అడవి నేలను కాపాడుటే కాక, నేలను పెంచుతుంది కూడా. వచ్చే ఒండ్రు తగ్గిన ఈ కాలంలో ఉన్న ఒండ్రును పట్టి నిలుపుటకు అంతకంటే చవకైన ఉపాయం లేదు.

అడవిని నరికిన చోట ఏమి జరిగినదో తమిళనాడులోని పిచ్చావరంలోను, మన గోదావరి, కృష్ణా మొగలలోను ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థవారు పరిశీలించినారు. పూర్వకాలంలో ఒక్కొక్క ఖండంగా చెట్లన్నిటినీ నరికే పద్ధతి ఉండేది. చెట్లు పోయిన నేల ఎండకు తడియారి అణగి, తొట్టి ఆకారంలో పల్లమైనది. పోటుకు వచ్చిన నీరు ఆటుకు వెనుకకు పోలేక నిలిచి ఆవిరైనది. ఉప్పు మిగిలినది. ఆ ఉప్పులో మడ విత్తనం కూడా మొలవలేదు. దీనికి విరుగుడుగా చేపముల్లు ఆకారంలో ఒక పెద్ద కాలువ, దానికి ఇరుప్రక్కల పిల్లకాలువలు త్రవ్వి పోటునీరు వచ్చి పోయేటట్లు చేసినారు. ఉప్పు కడిగివేయబడిన తరువాత మొక్కలు నాటితే అవి బ్రతికినవి. గ్రామస్థులూ, అటవీశాఖవారూ కలిసి ఈ పని చేసినారు. చెట్టు పోతే నేల ఎత్తు తగ్గుటకు, నీరు కదిలితే చెట్టు తిరిగి వచ్చుటకు ఇది ప్రత్యక్ష నిదర్శనం.

మడ అడవి మనిషి ప్రాణాన్ని నిజంగా కాపాడుతుందా? 1999 అక్టోబరు 29న ఒడిశాను తాకిన మహాతుఫానులో సుమారు పదివేలమంది మరణించినారు. ఆ తరువాత సౌదామినీ దాస్, జెఫ్రీ విన్సెంట్ అనే పరిశోధకులు కేంద్రపారా జిల్లా గ్రామాల మరణాల లెక్కలను, ఆ ఊళ్ళకూ సముద్రానికీ మధ్యనున్న మడ అడవి వెడల్పుతో సరిపోల్చినారు. 2009లో ప్రకటించిన వారి పరిశోధన ప్రకారం, అడవి వెడల్పు ఎక్కువగా ఉన్న ఊళ్ళలో మరణాలు తక్కువ. ఆ అడవి బొత్తిగా లేకపోయి ఉంటే తీరానికి 10 కిలోమీటర్లలోపు గ్రామాలలో ఊరికి సగటున 1.72 మంది చొప్పున అదనంగా చనిపోయి ఉండేవారని వారు అంచనా వేసినారు. అయితే మడ అడవికంటే ప్రభుత్వం ముందుగా ఇచ్చిన హెచ్చరిక ఎక్కువ ప్రాణాలను కాపాడినదని కూడా వారు నిజాయితీగా వ్రాసినారు. అడవి ఉన్నదికదా అని హెచ్చరిక వినకుండుట, హెచ్చరిక వస్తుందికదా అని అడవిని నరుకుట రెండూ తప్పే. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను మన తెలుగువారు అధికంగా ఉన్న గంజాం జిల్లాలో గోపాల్‌పూర్ వద్ద తీరం దాటినప్పుడు, లక్షలమందిని ముందే తరలించినందువలన మరణాలు పదుల సంఖ్యలో ఆగినవి.

ఆకాశం నుండి కొలత

ఇన్ని మార్పులను ఎట్లు కొలుస్తారని పిల్లలు అడుగుతుంటారు. పాత సర్వే పటాలు మొదటి ఆధారం. 1972లో అమెరికావారి మొదటి లాండ్‌శాట్ ఉపగ్రహం ప్రయోగింపబడిన నాటినుండి ఒకే తీరాన్ని పదేపదే చిత్రించుట సాధ్యమైనది. 1988 మార్చి 17న మన దేశపు ఐఆర్ఎస్–1ఎ ఉపగ్రహం నింగికెగసినది. ఇట్టి చిత్రాలను స్వీకరించి ఉపయోగంలోకి తెచ్చే జాతీయ దూరసంవేదన కేంద్రం హైదరాబాదులో ఉన్నది.

అయితే మామూలు చిత్రాలకు రెండు లోపాలున్నవి. మబ్బు పడితే నేల కనబడదు, పైగా నేల ఎత్తులోని స్వల్పమైన మార్పు తెలియదు. తుఫాను రోజున మబ్బు ఉండక తప్పదు కదా! ఈ లోపాలను రాడారు తీరుస్తుంది. రాడారు తన తరంగాలను తానే పంపి, నేలను తాకి తిరిగివచ్చిన వాటిని పట్టుకొంటుంది. రాత్రి అయినా, మబ్బు ఉన్నా దానికి అడ్డులేదు. ఒకేచోటుకు రెండు మారులు వచ్చి, రెండుసార్లు తిరిగివచ్చిన తరంగాల ఎత్తుపల్లాలను సరిపోల్చితే, మధ్యకాలంలో నేల ఎంత జరిగినదో తెలుస్తుంది. ఒక తరంగంలో ఎంత భాగం తేడా వచ్చినదో లెక్కించుట వలన సెంటీమీటరు, అంతకంటే తక్కువ కదలికలు కూడా పట్టుబడుతవి.

మన ఇస్రో, అమెరికావారి నాసా కలిసి తయారుచేసిన నిసార్ ఉపగ్రహం ఇట్టి పనికే ఉద్దేశింపబడినది. 2025 జూలై 30న అది శ్రీహరికోటనుండి, అనగా ఆంధ్ర–తమిళనాడు సరిహద్దున పులికాటు సరస్సు ప్రక్కనుండి, ప్రయోగింపబడినది. 747 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, 12 రోజులకొకమారు ప్రతిచోటును తిరిగి చూచేటట్లు దానిని రూపొందించినారు. అందులో రెండు రాడార్లున్నవి. నాసావారి దాని తరంగం సుమారు 24 సెంటీమీటర్లు, ఇస్రోవారి దాని తరంగం సుమారు 9 సెంటీమీటర్లు. పొడవైన తరంగం ఆకుల గుబురును దాటి కొమ్మలనూ, మ్రానులనూ, నేలనూ తాకి రాగలదు. అందువలన అడవి దట్టమెంతో అంచనావేయుటకు వీలున్నది. నేల కుంగుట, వరదనీరు వ్యాపించుట, మడ అడవి తరుగుట అన్నీ ఒకే ఉపగ్రహం ద్వారా పరిశీలించే అవకాశం దీనివలన వచ్చినది.

ఇంటివారు చేయదగిన పని

ఆకాశంనుండి చూచే కంటికి నేలమీది సాక్ష్యం కావలెను. నేల మార్పును చెప్పగలిగినవారు అక్కడ పుట్టి పెరిగినవారే. ప్రతి సరిహద్దు గ్రామంలోను ఈ చిన్న పనులు చేయవచ్చును.

మొదటిది, వరదగాని ఉప్పెనగాని వచ్చినప్పుడు నీరు ఎంత ఎత్తుకు వచ్చినదో గుడి గోడమీదనో, బడి గోడమీదనో చెరగని గీత గీసి, తేదీ వ్రాయవలెను. 1986 నాటి గీత, 1996 నాటి గీత ప్రక్కప్రక్కన ఉంటే అది ఊరికి ఒక గ్రంథంతో సమానం.

రెండవది, ఊరిలో పెద్దవారిని అడిగి ఒకప్పుడు తీరం, మొగ, దిబ్బ, మంచినీటి బావి ఎక్కడెక్కడ ఉండేవో పటం గీయించవలెను. పాత పట్టాలు, దస్తావేజులు, పెండ్లి ఫోటోల వెనుక కనబడే పరిసరాలు కూడా పనికివస్తవి. పట్టాలో ఉన్న నేల నీటిలో కలిసిన కుటుంబానికి ఆ కాగితమే చివరి సాక్ష్యం. దానిని పారవేయరాదు.

మూడవది, వేసవిలోను, వానాకాలం తరువాతను బావినీటి రుచిని, ఉప్పు ఎంతవరకు వచ్చినదో ఒక పుస్తకంలో వ్రాసి ఉంచవలెను. బడిపిల్లలకు ఇది మంచి అభ్యాసం.

నాల్గవది, ఏటిగట్టు వెంబడి, మురుగుకాలువ మొగల వద్ద మిగిలిన మడచెట్లను వంటచెరకుకు నరుకకుండా కాపాడవలెను. క్రొత్తగా నాటేముందు అక్కడకు పోటునీరు వచ్చి పోతున్నదో లేదో చూడవలెను. నీటి రాకపోకలు లేనిచోట నాటిన మొక్క ఎండుతుంది, శ్రమ వృథా అవుతుంది.

ఐదవది, తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు రెండు ప్రభుత్వాలలో ఎవరు ఇచ్చినా వినవలెను. ఆశ్రయ భవనం సరిహద్దుకు అవతల దగ్గరగా ఉంటే అవతలకే పోవలెను. నీరు వచ్చేటప్పుడు హద్దురాయిని చూడదు.

ఎగువ రాష్ట్రాలలో ఉన్న మన కుటుంబాలకు కూడా ఇందులో భాగమున్నది. బీదరులోగాని, కోరాపుట్‌లోగాని చెరువులో పూడికతీసి పొలానికి తోలుకొనుట, కొండవాలున చెట్లు నిలుపుట ఆ నేలకే మేలు. కాని నదిలో సహజంగా సాగే ఇసుకను హద్దుమీరి తవ్వితే ఆ లోటు కొన్ని సంవత్సరాల తరువాత సంగమం వద్ద ఒకరి ఇంటి వాకిట కనబడుతుంది.

మా బడిలో ఈ సంవత్సరం పళ్ళెం ప్రయోగం తరువాత పిల్లలచేత గోడమీద గీతల పని మొదలుపెట్టించినాను. 1996 నాటి నీటిమట్టం చూపించుటకు ఒక అవ్వగారు కర్ర ఊతగా బడికి వచ్చి, చేయెత్తి గోడమీద చోటు చూపినారు. ఆమె చేయి అందిన దానికంటే ఆ గీత ఎత్తుగా ఉండవలసి వచ్చినది. పెద్ద తరగతి పిల్లవాడొకడు బల్ల ఎక్కి గీసినాడు. ఆ రాత్రిని చూచినవారు మన మధ్య ఉండగానే ప్రతి ఊరిలోను ఆ గీత గీయించుకొనవలెను.